పైకి చిటికెడు తుప్పు, లోపల సగం తెగిన కొక్కెం: మా ఉయ్యాల ఎందుకు పడింది?

సముద్రం_పక్కిల్లు | ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది భీమిలి వైపు. ఇంటికీ సముద్రానికీ మధ్య అర కిలోమీటరు కూడా ఉండదు. పోయిన మంగళవారం సాయంత్రం అమ్మ ఉయ్యాల బల్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఒక పక్క కొక్కెం ఫట్‌మని తెగింది. బల్ల ఒరిగి అమ్మ కింద పడింది. కుడి మణికట్టు విరిగింది. తలకి తగల్లేదు, అదే పదివేలు. మా పాప అంతకు రెండు నిమిషాల ముందే దిగి లోపలికి వచ్చింది. అది గుర్తొస్తే ఇప్పటికీ కాళ్లలో వణుకు పుడుతోంది.

కొక్కెం 12 ఎంఎం కడ్డీ. స్లాబ్‌కి వాడే గీతల కడ్డీనే జె ఆకారంలో వంచి, స్లాబ్ పోసేటప్పుడే పెట్టారు. 9 ఏళ్లయింది. ఏటా సంక్రాంతికి ఇంటికి రంగులు వేయించినప్పుడు దానికీ నల్ల పెయింట్ కొట్టిస్తాం. పైన సీలింగ్ ప్లాస్టర్‌లోంచి బయటికి వచ్చే చోట కొంచెం గోధుమ రంగు ఉండేది, అంతే. తెగింది సరిగ్గా అక్కడే.

ఇల్లు కట్టిన మేస్త్రీ వచ్చి చూసి, "బరువు ఎక్కువైందమ్మా" అన్నాడు. మా అమ్మ 54 కిలోలు! తెగిన చోటికి కాస్త పక్కన కొలిపిస్తే 11 ఎంఎం ఉంది. 9 ఏళ్లలో ఒక్క ఎంఎం అరిగినంత మాత్రాన కడ్డీ తెగుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి. రెండో కొక్కెం ఇంకా పైనే ఉంది.

పాత_గేటు | ఆదివారం రాత్రి 9:41

అమ్మగారు త్వరగా కోలుకోవాలి. నా లెక్క చెబుతాను. 12 ఎంఎం కడ్డీని నిలువుగా లాగితే ఐదు టన్నుల పైన ఆగుతుంది. 11 అయినా నాలుగు టన్నులకు తగ్గదు. మనిషి బరువుకి తెగే ప్రసక్తే లేదు. ఇది కచ్చితంగా నాసిరకం ఇనుము. మా ఊళ్లో మా తాతగారు పెట్టించిన ఇనప గేటు ఉంది. 40 ఏళ్లుగా తుప్పు పెచ్చులు రాలుతూనే ఉంది, ఒక్క చువ్వ కూడా తెగలేదు. తుప్పుని అనవసరంగా అనుమానించకండి.

లేత్_మాస్టారు | ఆదివారం రాత్రి 10:05

అమ్మా, ముందు ఒక్క మాట. ఆ తెగిన ముక్కని శుభ్రం చేయకు. ఎమెరీ కాయితం పెట్టి రుద్దడం, యాసిడ్‌లో వేయడం, తెగిన రెండు ముక్కల్నీ అతికించి చూడటం, ఇవేవీ చేయొద్దు. పొడి గుడ్డలో చుట్టి పెట్టు. ఎందుకు తెగిందో ఆ తెగిన ముఖం మీదే రాసి ఉంటుంది, అది చెరిగిపోతే ఇంకెవరూ చెప్పలేరు.

గాజువాకలో 31 ఏళ్లుగా వర్క్‌షాప్ నడుపుతున్నాను. విరిగిన షాఫ్టులు, బోల్టులు, కొక్కేలు చాలా చూశాను. పగలు, ఎండ వెలుతురులో ఆ ముఖాన్ని చూసి కనిపించింది కనిపించినట్టు రాయి. రంగు ఎలా ఉంది, నున్నగా ఉందా గరుకుగా ఉందా, గీతలు ఉన్నాయా, ఉంటే ఎటు తిరిగి ఉన్నాయి? ఈలోగా రెండో కొక్కెం కింద ఎవరినీ కూర్చోనివ్వకు.

సముద్రం_పక్కిల్లు | సోమవారం ఉదయం 8:20

మాస్టారూ, మేడ మీదకి తీసుకెళ్లి ఎండలో చూశాను. ముఖం రెండు రకాలుగా ఉంది. దాదాపు సగం, అంటే అర్ధచంద్రాకారంలో, ముదురు గోధుమ రంగు. అక్కడ వేలు పెడితే నున్నగా ఉంది. మిగతా సగం బూడిద రంగు. అది చక్కెర పలుకుల్లా మెరుస్తోంది, గరుకుగా ఉంది. నున్నటి సగంలో సన్నటి వంపు గీతలు ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి. అన్నీ కడ్డీ అంచున ఒక్క చోటి చుట్టూ తిరిగినట్టున్నాయి. ఆ అంచు దగ్గర గుండుసూది తల అంత నల్లటి గుంట ఉంది. పుల్ల పెట్టి చూస్తే నేను అనుకున్న దానికన్నా లోపలికి వెళ్లింది. ఆ గుంట కొక్కెం నోరు ఉన్న వైపు, లోపలి పక్కన ఉంది.

లేత్_మాస్టారు | సోమవారం ఉదయం 9:02

సగం సమాధానం నువ్వే రాశావమ్మా.

సముద్రం పక్కనే ఉంటారు కాబట్టి ఆల్చిప్ప చూసే ఉంటావు. చిప్ప మీద ఒక మూల నుంచి మొదలై వరసగా పెరిగే వంపు గీతలు ఉంటాయి కదా, నువ్వు చూసినవీ అలాంటివే. ఇది మంగళవారం సాయంత్రం ఒక్కసారిగా తెగిన కొక్కెం కాదు. నెలల తరబడి, బహుశా రెండు మూడేళ్లుగా, రోజూ వెంట్రుకవాసి చొప్పున చీలుతూ వచ్చింది. చీలిన మేరకు ఉప్పు గాలి, తేమ లోపలికి వెళ్లి గోధుమ రంగు పట్టింది. ఆ బూడిద రంగు సగమే అమ్మ కూర్చున్నప్పుడు తెగింది. అంటే ఆ రోజు అమ్మ బరువు మోసింది సగం కడ్డీయే.

గీతలన్నీ దేని చుట్టూ తిరిగాయో అదే మొదలు. ఆ నల్ల గుంట.

పాత_గేటు గారూ, ఇనుము నాసిరకమో కాదో ల్యాబ్‌లో పరీక్షిస్తే గానీ ఎవరూ చెప్పలేరు. నాసిరకమే అనుకున్నా, చీలిక అక్కడే ఎందుకు మొదలైందంటే జవాబు మాత్రం ఆ గుంటే.

కాలేజీ_పాఠం | సోమవారం మధ్యాహ్నం 1:15

మెకానికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెబుతుంటాను. లేత్ మాస్టారు చెప్పినదానికి వెనక ఉన్న కారణం రాస్తాను, కొంచెం ఓపిక పట్టండి.

బట్టల కొట్లో గుడ్డ చింపడం గుర్తు తెచ్చుకోండి. రెండు చేతులతో ఎంత లాగినా చిరగని గుడ్డ, అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టగానే చర్రుమని చిరుగుతుంది. గాటు వల్ల పోయిన గుడ్డ ఎంత? ఒక్క పోగు కూడా ఉండదు. బలం మాత్రం ఎక్కడికో పోయింది. "ఒక్క ఎంఎం అరిగితే తెగుతుందా" అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. లోహం ఎంత పోయిందన్నది ఒక లెక్క, పోయిన చోట ఏ ఆకారం మిగిలిందన్నది ఇంకో లెక్క. మన కళ్లు, మందం కొలిచే వెర్నియర్ మొదటిదాన్నే కొలుస్తాయి.

కడ్డీని లాగినప్పుడు బలం దాని పొడవునా కాలువ నీళ్లలా పారుతుందనుకోండి. కాలువ మధ్యలో బండరాయి ఉంటే నీళ్లు దాని పక్కల నుంచి ఇరుక్కుని వడిగా వెళతాయి. గుంట ఉన్న చోట లోహం లేదు కాబట్టి అక్కడ మోయాల్సిన బలం గుంట అడుగు చుట్టూ ఇరుక్కుని వెళుతుంది. ఆ ఇరుకులో ప్రతి చదరపు మిల్లీమీటరు మీదా పడే భారాన్నే స్ట్రెస్ అంటాం, తెలుగు పాఠ్యపుస్తకాల్లో ప్రతిబలం అని ఉంటుంది.

ఎంత పెరుగుతుందో లెక్క కూడా పాతదే. వెడల్పాటి రేకులో గుండ్రటి బెజ్జం ఉంటే దాని అంచున స్ట్రెస్ మూడు రెట్లవుతుందని 1898లో జర్మనీకి చెందిన కిర్ష్ తేల్చారు. 1913లో ఇంగ్లండ్‌లో చార్లెస్ ఇంగ్లిస్ కోలగా, మొన తేలిన బెజ్జాలకు సూత్రం ఇచ్చారు. మాటల్లో చెప్పాలంటే, గాటు లోతుని దాని అడుగు మొన వ్యాసార్ధంతో భాగించి, వర్గమూలం తీసి, రెండుతో గుణించి, ఒకటి కలపాలి. లోతు 1 ఎంఎం, అడుగు కూడా 1 ఎంఎం వ్యాసార్ధంతో గుండ్రంగా ఉంటే మూడు రెట్లు. అదే 1 ఎంఎం లోతుకి అడుగు మొన 0.05 ఎంఎం అయితే దాదాపు పది రెట్లు! రెండు చోట్లా లోతు ఒకటే. వెర్నియర్‌కి రెండూ ఒకటే.

ఒక జాగ్రత్త. ఈ సూత్రం అడ్డంగా సాగిన గాటుకి సరిపోతుంది. గిన్నెలా గుండ్రంగా ఉన్న గుంటకు ఇంత ఉండదు, రెండు రెట్ల పైచిలుకు ఉంటుంది. కానీ తుప్పు గుంట అడుగు నున్నటి గిన్నెలా ఉండదు. గుంటలో మళ్లీ చిన్న గుంటలు, వాటిలో సన్నటి మొనలు ఉంటాయి. పక్కపక్కనే ఉన్న రెండు గుంటలు కలిసిపోతే అడ్డంగా సాగిన గాటే తయారవుతుంది.

పాత_గేటు | సోమవారం మధ్యాహ్నం 2:40

మాస్టారూ, బాగా అర్థమయ్యేలా చెప్పారు. అయినా నా సందేహం తీరలేదు. పది రెట్లు పెరిగేదే నిజమైతే తుప్పు పట్టిన ప్రతి కడ్డీ తెగాలి కదా. మా గేటు ఎందుకు తెగలేదు?

కాలేజీ_పాఠం | సోమవారం సాయంత్రం 5:30

అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

ఇళ్లకి వాడే ఉక్కుకి సాగే గుణం ఉంది. గుంట అడుగున స్ట్రెస్ హద్దు దాటితే ఆ కొంచెం చోట లోహం సాగి, భారాన్ని పక్కవాళ్లకి పంచేస్తుంది. అందుకే ఒకేసారి నెమ్మదిగా బరువు వేసి లాగితే గుంటలున్న కడ్డీ కూడా మిగిలిన మందానికి తగ్గ బలం దాదాపుగా చూపిస్తుంది. మీ గేటు చువ్వలు మోసేది తమ బరువే, అదీ మారని బరువు. 40 ఏళ్లు కాదు, ఇంకా ఉంటుంది.

ఉయ్యాల అలా కాదు. రెండు మీటర్ల గొలుసుతో ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగి రావడానికి సుమారు 2.8 సెకన్లు పడుతుంది. అందులో రెండుసార్లు బల్ల అడుగుకి వస్తుంది, రెండుసార్లూ గొలుసు మీద లాగుడు పెరిగి తగ్గుతుంది. నిమిషానికి 40 దాటుతుంది. రోజుకి అరగంట చొప్పున ఏడాదికి నాలుగున్నర లక్షలు, 9 ఏళ్లకి 40 లక్షలు! పిల్లలు 45 డిగ్రీల దాకా జోరుగా ఊగితే అడుగున లాగుడు బరువుకి ఒకటిన్నర రెట్లు పైన ఉంటుంది, రెండు చివర్లలో 0.7 రెట్లకు పడిపోతుంది. అమ్మగారు మెల్లగా ఊగితే ఈ తేడా చాలా తక్కువ, నిజమే. కానీ కూర్చోవడం, లేవడం, పిల్లలు ఎగిరి ఎక్కడం, ఇవన్నీ కూడా లెక్కలోకి వస్తాయి.

ప్రతిసారీ గుంట అడుగున లోహం కాస్త సాగుతుంది, మళ్లీ నొక్కుకుంటుంది. ఇనప తీగని అటూ ఇటూ వంచి వంచి తెంపుతాం కదా, అదే పని కంటికి కనిపించనంత చిన్న చోట జరుగుతుంది. కొన్నాళ్లకు అక్కడ పగులు పుడుతుంది. పగులు మొన గుంట కంటే ఎన్నో రెట్లు వాడి. ఆ తర్వాత అది ఆగదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పొడి గాలిలో ఉక్కుకి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దులోపు స్ట్రెస్‌ని ఎన్ని లక్షలసార్లు వేసినా అది అలసిపోదు. ఉప్పు తేమలో ఆ హద్దు పోతుంది. చిన్న స్ట్రెస్ అయినా సరే, సార్లు పెరిగే కొద్దీ బలం తగ్గుతూనే ఉంటుంది.

స్లాబ్_సంగతులు | సోమవారం రాత్రి 8:50

హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ పని చేస్తాను. "ఐదు టన్నులు ఆగుతుంది" అన్న లెక్కలో ఒక పొరపాటు ఉంది. చాలామంది మేస్త్రీలు కూడా ఇదే లెక్క వేస్తారు, అందుకే రాస్తున్నాను.

టేకు బల్ల, గొలుసులు కలిపి 40 కిలోలు, ఇద్దరు పెద్దవాళ్లు 120 కిలోలు అనుకుందాం. రెండు కొక్కేలైతే ఒక్కోదాని మీద 80 కిలోలు, అంటే సుమారు 800 న్యూటన్లు. 12 ఎంఎం కడ్డీని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం 113 చదరపు ఎంఎంలు. నిలువు లాగుడే అయితే స్ట్రెస్ 7 మెగాపాస్కల్‌లు, అంటే చదరపు ఎంఎంకి 7 న్యూటన్లు, ఏ మూలకీ రాదు. కానీ ఇది జె కొక్కెం. గొలుసు వేలాడే గీతకీ కడ్డీ నిలువు భాగానికీ మధ్య 25 ఎంఎం ఎడం ఉందనుకుంటే కడ్డీ వంగుతుంది. ఆ వంపు వల్ల పడే స్ట్రెస్ దాదాపు 118 మెగాపాస్కల్‌లు. నిలువు లాగుడు కంటే 16 రెట్లు ఎక్కువ! అదీ ఏ వైపు? కొక్కెం నోరు ఉన్న లోపలి వైపు. మీ గుంట ఉన్నది సరిగ్గా అక్కడే.

వంపులో బలం వ్యాసానికి ఘనంగా మారుతుంది. 12 కాస్తా 11 అయితే లాగుడులో పోయేది 16 శాతం, వంపులో పోయేది 23 శాతం. దాని మీద గుంట వల్ల మూడు రెట్లు వేసుకోండి, 450 దాటుతుంది. మామూలుగా ఈ కడ్డీ సాగడం మొదలుపెట్టేది 500 దగ్గర. జోరుగా ఊగితే వచ్చే అదనపు భారం ఇందులో కలపనే లేదు.

ఇంకోటి, గీతల కడ్డీని వంచి కొక్కెం చేయడమే తప్పు. ఆ గీతల మూలలు కూడా చిన్న గాట్లే. కాంక్రీట్ పట్టుకోవడానికి పెట్టిన గీతలు అవి, ఊగే బరువు మోయడానికి కాదు.

సముద్రం_పక్కిల్లు | సోమవారం రాత్రి 9:15

చదువుతుంటే భయమేస్తోంది, అయినా ఒక్కొక్కటీ తెలుస్తోంది. ఒక్కటి అడుగుతాను. ఏటా రంగు వేయిస్తూనే ఉన్నాం కదా, అయినా గుంట ఎలా పడింది? కడ్డీ అంతా సమానంగా అరగకుండా ఆ ఒక్క చోటే ఎందుకు తినేసింది?

హ్యూస్టన్_పైపు | మంగళవారం ఉదయం 6:30

సోదరీ, మాది అమలాపురం వైపు, ఇప్పుడు టెక్సాస్‌లో పైపులైన్ల తనిఖీ పని. నా ఉద్యోగమంతా ఈ గుంటల వెంటే.

పుచ్చు వంకాయ తెలుసు కదా. పైన సూది బెజ్జం, కోస్తే లోపలంతా ఖాళీ. తుప్పు గుంట స్వభావం అదే. సిమెంటు తగిలే చోట ఇనుము మీద పల్చటి రక్షణ పొర ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్ దాన్ని ఏదో ఒక్క చోట చిల్లు పొడుస్తుంది. పెయింట్ పొర చిట్లిన చోటా ఇంతే. చుట్టూ పెద్ద వైశాల్యం క్షేమంగా ఉంటుంది, కరగాల్సిన భారమంతా ఆ చిన్న చుక్క మీద పడుతుంది. గుంట కాస్త లోతు కాగానే అడుగుకి ఆక్సిజన్ అందదు. కరిగిన ఇనుము నీటితో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది. ఆ ఇనుము బయట ఉన్న క్లోరైడ్‌ని లోపలికి లాక్కుంటుంది. అంటే గుంట అడుగున తనకు కావలసిన యాసిడ్‌ని తనే తయారు చేసుకుంటుంది. పైన తుప్పు మూత పడి అది బయటికి పోకుండా కాపాడుతుంది. ఆ మూత మీద మీరు సంక్రాంతికి పెయింట్ వేశారు. లోపలి పని ఆగలేదు, మీకు కనిపించడం ఆగింది.

ప్లాస్టర్‌లోంచి కడ్డీ బయటికి వచ్చే సందులో తేమ ఆరదు. ఉప్పు గాలి అక్కడే పేరుకుంటుంది. తెగినవాటిలో చాలావరకు ఇలాంటి సందుల్లోనే తెగుతాయి.

మా వైపు వాళ్లకి ఈ విషయం వేరే రకంగా తెలుసు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో 18 అంగుళాల గ్యాస్ పైపులైన్ పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీరు కలిసిన గ్యాస్ నడిచి లోపలి నుంచి తుప్పు తిన్నదని దర్యాప్తులో తేలింది. అక్కడ తుప్పు గోడని తినేసి గ్యాస్ బయటికి రావడం ఒక దారి. మీ కొక్కెంలో గుంట పూర్తిగా తినకుండానే పగులు పుట్టించి పని ముగించడం ఇంకో దారి. రెండో దారికి ఎక్కువ లోతు అక్కర్లేదు, అదే నాకు ఎప్పుడూ టెన్షన్.

ఇక్కడ అమెరికాలో మాకు ట్రైనింగ్‌లో చెప్పే పాఠం సిల్వర్ బ్రిడ్జి. ఒహాయో నది మీద 1928లో కట్టారు. 1967 డిసెంబర్ 15 సాయంత్రం, క్రిస్మస్ రద్దీ సమయంలో, మొత్తంగా కూలింది. 46 మంది పోయారు. రెండు చివరలా కన్నాలున్న ఉక్కు పట్టీల గొలుసు మీద వేలాడే వంతెన అది. ఒక పట్టీ కన్నం లోపలి అంచున తుప్పు, స్ట్రెస్ కలిసి పెంచిన పగులు రెండున్నర ఎంఎంల లోతే. ఆ గట్టి ఉక్కుకి సాగే గుణం తక్కువ, ఆ మాత్రం పగులు చాలింది. ఒక్కో లింకుకి రెండే పట్టీలు, ఒకటి తెగాక రెండోది ఆపలేకపోయింది. ఆ పగులు ఉన్న చోటు జాయింట్ విప్పితే తప్ప కనిపించదు. దేశమంతా వంతెనల తనిఖీకి నియమాలు వచ్చింది ఆ తర్వాతే.

కాకినాడ_బోటు | మంగళవారం ఉదయం 10:12

మాస్టార్లందరికీ నమస్కారం. నేను బోటు మెకానిక్‌ని. చదువు తక్కువ, కానీ ఈ గుంట సంగతి చేత్తో తడిమి తెలుసుకున్నాను.

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. బోట్లన్నీ ఒడ్డునే కట్టేసి ఉంటాయి. షాఫ్ట్ స్టీలుదే, తళతళలాడుతుంది. తిరుగుతున్నప్పుడు ఏమీ కాదు. ఆగి ఉన్నప్పుడు, నీళ్లు లోపలికి రాకుండా చుట్టూ బిగించే డోరీ కింద ఉప్పునీళ్లు కదలకుండా నిలబడిపోతాయి. రెండు నెలల తర్వాత డోరీ తీసి షాఫ్ట్ మీద గోరు పెట్టి లాగితే టక్కున ఆగుతుంది, అక్కడ గుంట ఉన్నట్టు. పైకి చూస్తే ఆవగింజ అంతే.

నాలుగేళ్ల కిందట ఒక ఓనరుకి చెప్పాను, "బాబాయ్, షాఫ్ట్ మార్చు, గోరు ఆగుతోంది" అని. ఈ సీజన్‌కి గడిచిపోతుందిలే అన్నాడు. ఒడ్డుకి చాలా దూరంలో తెగింది. పక్క బోటు వాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు, లేకపోతే గాలికి ఎటు పోయేవారో. తెగిన ముక్క చూస్తే, ఇందాక అక్కగారు రాసినట్టే, వంపు గీతలు. షాఫ్ట్ ఒక్కో తిరుగుడికి ఒక్కోసారి వంగుతుంది, నిమిషానికి కొన్ని వందలు. కాబట్టి ఉయ్యాలకి ఏళ్లు పట్టింది దానికి వారాల్లో అయిపోయింది.

అప్పటి నుంచి నిషేధం రోజుల్లో బోటు ఆగి ఉన్నా, వారానికోసారి ఇంజిన్ వేసి షాఫ్ట్ తిప్పమని అందరికీ చెబుతున్నాను.

వైజాగ్_ఫ్లాట్ | మంగళవారం ఉదయం 11:30

అంటే స్టెయిన్‌లెస్ స్టీల్‌కి కూడా గుంటలు పడతాయా? మాది బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్. బాల్కనీలో పిల్లల ఉయ్యాలకి స్టీల్ కొక్కేలే పెట్టించాం, ఇక చింత లేదనుకున్నాను. ఈమధ్య వాటి మీద టీ మరకల్లాంటివి వస్తున్నాయి. తుడిస్తే పోతున్నాయి, మళ్లీ వస్తున్నాయి.

హ్యూస్టన్_పైపు | మంగళవారం సాయంత్రం 6:45

పడతాయండి. స్టెయిన్‌లెస్ మొత్తంగా అరగదు, గుంటలుగానే తింటుంది. అందుకే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మామూలుగా దొరికే 304 రకానికి సముద్రం గాలి పడదు. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, అది నయం. ఆ టీ మరకలు మొదటి హెచ్చరిక. మంచినీళ్లతో తరచూ కడగండి. బాత్రూమ్ కడిగే యాసిడ్ సీసాని ఆ దగ్గర్లో పెట్టకండి, దాని ఆవిరి కూడా క్లోరైడే.

ఇంటి కొక్కెం అనేసరికి నాకు ముందుగా గుర్తొచ్చింది స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్ ఈతకొలను. హాలు పైకప్పు కింద కాంక్రీట్ సీలింగ్‌ని స్టెయిన్‌లెస్ కడ్డీలతో వేలాడదీశారు. కట్టింది 1972లో. కొలను నీటిలోని క్లోరిన్ పదార్థాలు ఆవిరితో పైకి చేరి, ఆ కడ్డీల మీద తేమగా పట్టాయి. అక్కడ ఊగే భారం లేదు, నిలకడ బరువే. అయినా క్లోరైడ్, స్ట్రెస్ కలిసి పగుళ్లు తెచ్చాయి. 1985 మేలో సీలింగ్ ఊడి కొలనులోకి పడింది, 12 మంది చనిపోయారు. "తుప్పు పట్టని స్టీలు" అని నమ్మి ఎవరూ పైకి చూడలేదు.

స్లాబ్_సంగతులు | మంగళవారం రాత్రి 7:20

మన దేశంలోదీ ఒకటి చెప్పాలి. 2022 అక్టోబర్ 30న గుజరాత్‌లో మోర్బీ వేలాడే వంతెన కూలి 130 మందికి పైగా పోయారు. ఒక ప్రధాన కేబుల్‌లో ఉన్న 49 తీగల్లో 22 తుప్పు తిని ఉన్నాయనీ, అవి కూలక ముందే తెగి ఉండవచ్చనీ దర్యాప్తు బృందం రాసింది. ఆ రోజు జనం మితిమీరి ఎక్కడం, మరమ్మతుల్లో లోపాలు కూడా కారణాలే. కానీ ఆ 22 తీగలూ కేబుల్ లోపల తెగుతున్నప్పుడు పైన నడిచేవాళ్లకి తెలిసే దారి ఏది?

సముద్రం_పక్కిల్లు | మంగళవారం రాత్రి 8:05

మాస్టారూ, రెండో కొక్కెం సంగతి ఏం చేయమంటారు? కోయించి తీసేయమన్నా సరే. కానీ దానిలోనూ పగులు ఉందో లేదో తెలుసుకోవాలని ఉంది. మా పాప రోజూ ఆ వైపే కూర్చునేది.

లేత్_మాస్టారు | మంగళవారం రాత్రి 8:40

కోయించేయమ్మా, సందేహం వద్దు. ప్లాస్టర్ చెక్కించి, సందుకి ఒక అంగుళం పైన, లోపలి నుంచి కోయించు. సందులో ఉన్న భాగం మనకి కావాలి.

తర్వాత ఈ పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. మా గురువుగారి కాలంలో రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసులకి ఇదే చేసేవారు. ముందు వైర్ బ్రష్‌తో పెయింట్, తుప్పు పూర్తిగా తీసేయాలి. గ్రైండర్ పెట్టొద్దు, అది పగులు నోటిని లోహంతో పూడ్చేస్తుంది. కడ్డీని కిరసనాయిల్‌లో ఒక గంట నానబెట్టు. తీసి పొడిగుడ్డతో తడి లేకుండా తుడువు. సుద్దముక్కని మెత్తగా నూరి, ఆ పొడిని పల్చగా కడ్డీ అంతా పట్టించు. పావుగంట ఆగు. పగులు ఉంటే లోపల దాగిన కిరసనాయిలు బయటికి ఊరి, తెల్లటి సుద్ద మీద సన్నటి తడి గీత వస్తుంది. గుంటలైతే చుక్కల్లా కనిపిస్తాయి, పగులైతే గీతలా. సుత్తితో చిన్నగా తట్టితే ఇంకా త్వరగా ఊరుతుంది.

కిరసనాయిలు దొరక్కపోతే వెల్డింగ్ సామాన్ల కొట్లో ఎర్ర రంగు స్ప్రే, తెల్ల డెవలపర్ స్ప్రే అమ్ముతారు, పద్ధతి ఇదే. ఆరుబయట చెయ్యి, పొయ్యి దగ్గర వద్దు.

పాత_గేటు | మంగళవారం రాత్రి 9:30

ఈ మూడు రోజులుగా అందరూ రాసింది రెండేసిసార్లు చదివాను. నాసిరకం ఇనుము అని తొందరపడి అన్నాను, అది వెనక్కి తీసుకుంటున్నాను. కదలని మా గేటుని చూసి, ఊగే ఉయ్యాలకి లెక్క వేశాను. మా ఇంట్లో కూడా నీళ్ల ట్యాంకుకి ఎక్కే ఇనప నిచ్చెన ఉంది, గోడలోకి దిగే చోట దానికీ పెచ్చులు లేస్తున్నాయి. మనిషి ఎక్కినప్పుడల్లా అది ఊగుతుంది కూడా. రేపు పొద్దున్నే చూస్తాను.

సముద్రం_పక్కిల్లు | గురువారం సాయంత్రం 6:10

నిన్న రెండో కొక్కెం కోయించాం. మాస్టారు చెప్పినట్టే కిరసనాయిల్‌లో నానబెట్టి, తుడిచి, సుద్ద పొడి రాశాను. పది నిమిషాలు ఏమీ కనిపించలేదు, ఊపిరి పీల్చుకున్నాను. గరిటె కాడతో రెండుసార్లు తట్టాను. ప్లాస్టర్ సందు ఉన్న చోట, లోపలి వైపు, ముందు రెండు తడి చుక్కలు వచ్చాయి. తర్వాత ఆ రెండు చుక్కల్నీ కలుపుతూ వెంట్రుక అంత గీత మెల్లగా పాకింది. కడ్డీ చుట్టు కొలతలో పావు వంతు ఉంది.

నేనూ మావారూ ఆ గీతని చూస్తూ ఎంతసేపు కూర్చున్నామో తెలియదు.

మా పక్క మూడిళ్లూ ఒకే మేస్త్రీ కట్టినవే. ముక్కని చేత్తో పట్టుకెళ్లి అందరికీ చూపించాను. రెండిళ్ల వాళ్లు నిన్నే ఉయ్యాలలు దింపేశారు. మూడో ఇంట్లో తాతగారు మొదట ఒప్పుకోలేదు. సుద్ద మీద ఆ గీత చూశాక ఆయనే కుర్చీ వేసుకుని కొక్కెం దగ్గర గోరు పెట్టి చూశారు.

లేత్_మాస్టారు | గురువారం సాయంత్రం 7:00

మంచి పని చేశావమ్మా. మళ్లీ పెట్టుకునేటప్పుడు కడ్డీ వంచి చేసిన కొక్కెం వద్దు. పోత పోసింది కూడా వద్దు. కాచి దిద్దిన కంటి బోల్టు, అంటే తల చోట రింగు ఉండేది, నోరు మూసి ఉన్నది తీసుకో. 16 ఎంఎం, 316 స్టీలు. స్లాబ్‌కి ఆరపార బెజ్జం వేసి, పైన ఆరు అంగుళాల పలక మీద రెండు నట్లు బిగించాలి. బెజ్జం ఎక్కడ వేయాలో ముందు స్లాబ్ సంగతులు గారిలాంటి ఇంజినీరుని అడుగు, లోపలి కడ్డీలు తెగకూడదు. గొలుసు వేలాడే గీత బోల్టుకి సూటిగా ఉండాలి, అప్పుడు వంపు పడదు. ప్లాస్టర్‌కీ బోల్టుకీ మధ్య సందు లేకుండా సిలికాన్ పెట్టించు. ఆరు నెలలకోసారి విప్పి, గోరు పెట్టి చూడు. ఎక్కడైనా ఆగితే దాని మీద పెయింట్ వేయకు, మార్చేయ్.

సముద్రం_పక్కిల్లు | గురువారం రాత్రి 9:25

రాసి పెట్టుకున్నాను మాస్టారూ. ఇంజినీరుగారు ఆదివారం వస్తామన్నారు. అమ్మ కట్టు ఇంకో నాలుగు వారాలకు విప్పుతారు. ఈరోజు భోజనాల దగ్గర ఎడం చేత్తో స్పూను పట్టుకుని, "ఉయ్యాల మళ్లీ ఎప్పుడు వేస్తారే" అని అడిగింది. తెగిన ముక్క తెచ్చి చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, ఆ నల్ల గుంట మీద గోరు ఆనించి, "ఇంతేనా!" అంది.